శరత్తులో వాన

చాలా ఏళ్ళ కిందటి మాట. బాగేపల్లి తాలూకాలో ఒక పల్లెలో ఉద్యోగరీత్యా ఉన్నప్పుడు, సాయంత్రాలు మా ఇంటి వసారాలో కొందరు పిల్లలకు తెలుగు నేర్పేవాణ్ణి. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది కన్నడం. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. ఏడాది తిరిగేసరికి గుణింతాలు, వత్తులు పట్టుబడ్డాయి. ఉత్సాహం కొద్దీ దసరా సెలవుల్లో 'శరదృతువు' గురించి పది వాక్యాలు రాసుకు రమ్మన్నాను. అందరికంటే ముందు ఒకమ్మాయి తెచ్చింది. శరత్కాలంలో వానలు బాగా పడతాయని మొదటి వాక్యం. మా మిద్దె ఉరుస్తుందని రెండోది. ఎండబోసిన చెనిక్కాయలు అమ్మా నేనూ పరుగెత్తి లోపలికి తెస్తామని, అనపచెట్టు పూత పట్టిందని, సీతాఫలాలు రాగుల్లో దాచిపెట్టామని ఆ తరువాతవి.

ఎర్రసిరాతో మొదటి వాక్యం కొట్టేశాను. "వాన వర్షర్తువులో. శరత్తులో వెన్నెల, తెల్లమబ్బులు, రెల్లుపూలు" అని పక్కన రాశాను. 'ఉరుస్తుంది' తీసేసి 'కారుతుంది' అని దిద్దాను. ఆ పిల్ల పుస్తకం తీసుకుని కాసేపు చూసి, "అట్లయితే సార్, ఇప్పుడు పడేది ఏమి వాన సార్?" అంది. బయట హస్తకార్తె వాన కురుస్తూనే ఉంది. ఏదో చెప్పి పంపేశాను. ఆ తరువాత ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసేది గాని, తన ఇంటి సంగతి మాత్రం ఎన్నడూ రాయలేదు.

ఇప్పుడీ పాత సంగతి తవ్వడానికి కారణం ఉంది. సంపాదకుల వారు అప్పుడప్పుడు నా అభిప్రాయం కోసం పంపే కవితల్లో ఋతువర్ణనలు తరచుగా వస్తుంటాయి. ఆశ్వయుజం వచ్చిందంటే చింతామణి నుంచి వచ్చినా, గౌరిబిదనూరు నుంచి వచ్చినా ఆ కవితల్లో ఒకటే కొలను, ఒకటే కలువలు, అవే రాజహంసలు. రాసినవాళ్ళ పెరట్లో ఏముందో ఒక్క పాదంలోనూ తెలియదు. తప్పు వాళ్ళదే అనను. నా లాంటివాళ్ళ ఎర్రసిరా వాళ్ళ చేతిలోకి దిగింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో విచారించడమే నా ఉద్దేశం.

మొదట వాన లెక్క. నైరుతి గాలి అరేబియా సముద్రం మీంచి వచ్చి సహ్యాద్రిని తగిలి తన బరువంతా అక్కడే దించుకుంటుంది. ఆగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కొండలు దాటి మన దాకా వచ్చేసరికి గాలి మిగులుతుంది, నీళ్ళు మిగలవు. చిక్కబళ్ళాపుర జిల్లాలో సంవత్సరమంతా కలిపితే 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందులోనూ ఆషాఢ శ్రావణాల్లో మనకు దక్కేది ఎక్కువగా ఈదురుగాలి, తుంపర. అసలు వాన సెప్టెంబరు, అక్టోబరు నెలలది. ఉత్తర, హస్త, చిత్త, ఈ మూడు కార్తెల్లో కురిస్తేనే రాగి గింజ పట్టేది, చెరువులో నీళ్ళు నిలిచేది. అంటే పంచాంగం శరత్తు అని పేరు పెట్టిన రోజుల్లోనే మనకు గట్టి వానకాలం. ఆ పిల్ల మొదటి వాక్యంలో తప్పేమీ లేదు.

మరి వాన వెలిసిన నిర్మలాకాశపు శరత్తు ఎక్కడిది? అది అబద్ధం కాదు. మాళవంలో, గంగ మైదానంలో సెప్టెంబరు చివర రుతుపవనం తిరుగుముఖం పడుతుంది. మబ్బులు వెలిసిపోతాయి, నదులు తేటబడతాయి, ఇసుక తిన్నెల మీద రెల్లు పూస్తుంది. కాళిదాసును ఉజ్జయినితో ముడిపెట్టే సంప్రదాయం నిజమైతే, ఋతుసంహారంలో ఆయన చెప్పిన శరత్తు ఆయన కిటికీలోంచి కనిపించినదే. అయితే తరువాత కావ్యలక్షణం చెప్పిన ఆలంకారికులు మహాకావ్యానికి ఉండవలసిన వర్ణనల్లో ఋతువును కూడా చేర్చారు. అష్టాదశ వర్ణనల లెక్కలో పడ్డాక ఋతువు చూడవలసిన వస్తువు కాకుండా, తీర్చవలసిన బాకీ అయింది. మాళవపు ఆకాశం ప్రతి భాషకూ, ప్రతి సీమకూ ప్రయాణం కట్టింది.

తెలుగులో శరత్తు అనగానే నన్నయ గుర్తుకు రావాలి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శారదరాత్రుల మీద ఆయన చెప్పిన పద్యమే ఆయన కడపటి పద్యమని మన సాహిత్య సంప్రదాయం. నక్షత్రాలు, విచ్చిన కలువల మీదుగా వచ్చే గాలి, కప్పురపు పొడిలా ఆకాశమంతా నిండిన వెన్నెల. అంతే ఉంది అందులో. దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాత ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని అందుకుని శరత్కాలపు ఉదయాలతో మొదలుపెట్టాడు. ఒకాయన రాత్రి దగ్గర ఆపితే ఇంకొకాయన తెల్లవారుజామున అందుకున్నాడని పెద్దలు ముచ్చటపడుతుంటారు. ముచ్చటైనదే. ఆ పద్యాలు చదివి వినిపించేటప్పుడు ఇప్పటికీ నా గొంతు మారుతుంది.

కాని నన్నయ గోదావరి ఒడ్డున ఉన్నవాడు, ఎర్రన అద్దంకి సీమలో ఉన్నవాడు. ఆ తీరసీమలో మాత్రం ఆశ్వయుజ కార్తికాలు పూర్తిగా నిర్మలమా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కార్తికంలోనే వచ్చింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద పడ్డ హుద్‌హుద్ తుపాను ఆశ్వయుజంలో వచ్చింది. బంగాళాఖాతం ఒడ్డున శరత్తు అంటే రెండు వాయుగుండాల మధ్య దొరికిన తెరిపి. నన్నయ ఋతువంతటినీ వర్ణించకుండా ఆ తెరిపిలోని రాత్రులను మాత్రమే పట్టుకున్నాడనుకుంటే ఆ పద్యం మీద గౌరవం నాకు పెరుగుతుందే గాని తరగదు. చిక్కంతా ఆయన తరువాతి వాళ్ళతో వచ్చింది. ఆయన చూసిన రాత్రిని వీళ్ళు నిబంధన చేసుకున్నారు.

పెరటిలోకి, వంటింట్లోకి ఋతువును తెచ్చినవాడు కృష్ణరాయలు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో వర్షర్తువు, శరత్తు రెండూ ఉన్నాయి. శరత్తులో ఆయన కూడా చాలా వరకు శాస్త్రం ప్రకారమే నడిచాడని నా అభిప్రాయం. ఆయన ప్రతిభంతా వర్షంలో ఉంది. ముసురులో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలు, దొరికినా రాజని పొయ్యి, తడికట్టెల పొగ, ఇవన్నీ చూసినవాడు రాయగలిగినవే. పొలంకాపు రెడ్లు వానలో వండుకుని తినే ఆకులను ఆయన పేరు పేరునా చెప్పాడు: తుమ్మి, గురుగు, తగిరిస, చెంచలి, వాటితో చింతచిగురు. బాగేపల్లి సంతలో ఈ ఆకుల్లో కొన్నిటిని ఈనాటికీ కలిపి అమ్ముతారు. మనం బెరకాకు అంటాం, కన్నడంలో బెరకె సొప్పు. ఐదు వందల ఏళ్ళ కిందటి రాజుగారి పద్యంలోని కూర మన పొయ్యి మీద ఉంది. పెనుకొండ మనకు ఎంత దూరమని! రాయలవారు చూసిన వాన మన వానే. ఆ వాన ఆశ్వయుజంలో కూడా కురుస్తుందని ఆయనకు తెలియకుండా ఉండదు. అయినా శరత్తు అనే శీర్షిక కిందికి వచ్చేసరికి మబ్బులను తెల్లబరచక తప్పలేదు. అంతటి రాయలకే తప్పకపోతే, చింతామణి కుర్రాడికి ఎట్లా తప్పుతుంది?

తప్పించుకున్నవాళ్ళు ఒక్కరే ఉన్నారు. కావ్యం రాయనివాళ్ళు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటుంది సామెత. ఉత్తరకార్తె కూడా ఎండగా పోతే ఇక ఈ ఊళ్ళో పని లేదు, గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని దాని అర్థం. "విశాఖ చూసి విడవర కొంప" అని దానికి జోడు. శరత్తు గురించి తెలుగులో ఉన్న మాటల్లో నాకు తెలిసినంతవరకు ఇంత కఠినమైనవి, ఇంత నిజమైనవి లేవు. గంప, కొంప, రెండూ ఇంటి వస్తువులే. ఒకదాన్ని ఎత్తుకోవడం, రెండోదాన్ని వదులుకోవడం. ఋతువర్ణన అంటే ఇంటిముందు నిలబడి ఆకాశం చూసే మనిషి గుండెదడ కూడా అని ఈ సామెతకు తెలుసు. ఇప్పుడు గంపలు లేవు, బెంగుళూరు బస్సు ఉంది. ఉత్తర ఎండిపోయిన సంవత్సరం ఆ బస్సుల్లో చోటు దొరకదు.

ఆధునికుల దగ్గరికి వస్తే ఇంకొక తమాషా. ఇంగ్లీషు ఆటమ్‌ను మనవాళ్ళు శరత్తు అని తెనిగించారు. నెలలు చూస్తే సరిపోతుంది. కాని ఆటమ్ అనగానే ఇంగ్లీషు చదువుకున్నవాడి మనసులో ఎర్రబారి రాలే ఆకులు కదులుతాయి. దాంతో తెలుగు కవితల్లో కూడా శరత్తులో ఆకులు రాలడం మొదలైంది. మన వేప, మన రావి, మన కానుగ ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో, శిశిరంలో, ఉగాదికి చిగురు. కార్తికంలో ఈ చెట్లను చూడండి, వానకు కడిగి నల్లగా నిగనిగలాడుతుంటాయి. సరే, ఇంగ్లీషు వాళ్ళ గొప్ప ఆటమ్ పద్యమైనా ఆకురాలు పద్యమా అంటే అదీ కాదు. కీట్స్ 1819 సెప్టెంబరులో వించెస్టర్‌లో రాసిన గేయంలో ఉన్నవి ఇంటి చూరుకు పాకిన ద్రాక్షతీగ, కాయలతో వంగిన పెరటి ఆపిల్ చెట్లు, ఊరుతున్న సొరకాయ, కొట్టంలో ధాన్యం. ఆయన తన ఊళ్ళో కనిపించింది రాశాడు. మనం ఆయన్ను చదివి ఆయన చూడనిది తెచ్చుకున్నాం. ఎరువు తెచ్చుకోవడంలో కూడా ఒక నేర్పుండాలి.

ఇంతకీ మన పెరటి శరత్తు గుర్తులేవి? వాన ఒక్కటే అయితే అది వర్షర్తువుకు పొడిగింపు, అంతే. కాదు. తేడా ఉంది, కాస్త నిదానించి చూడాలి. వాన వెలిసిన పొద్దున గోడల మీద ఎర్రని రోకలిబండలు పాకుతుంటాయి, మెట్ల మీద పాచి జారుతుంది. సీతాఫలం కళ్ళు విచ్చుతుంది. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునే నాటికి పాదుమీద గుమ్మడి బూడిద పట్టి ఉంటుంది. ఆయుధపూజకు పగలగొట్టేది దాన్నే. దీపావళి నోముకు కజ్జాయాల పాకం పట్టేనాటికి తెల్లవారుజామున చెంబు నీళ్ళు చురుక్కుమంటాయి. ఉత్థానద్వాదశికి తులసికోటలో ఉసిరికొమ్మ కాయలతో సహా గుచ్చుతారు. అప్పటికి సాలెగూళ్ళ మీద మంచు నిలవడం మొదలవుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినవి అనప, చామంతి. మా నాయన అనపగింజలు ఒక ఏడు ఆషాఢంలో వేసేవాడు, ఒక ఏడు వాన లేక శ్రావణం చివర వేసేవాడు. నెల, నెలన్నర తేడా. పూత మాత్రం దాదాపు ఒకే రోజుల్లో వచ్చేది. ఇదేం విడ్డూరమని అడిగితే "దానికి తెలుసు లేరా" అనేవాడు. దానికి తెలిసిందేమిటో చాలాకాలానికి వ్యవసాయం చదివిన మిత్రుడి వల్ల తెలిసింది. నాటు అనప, చామంతి రెండూ రాత్రి పొడవును బట్టి పూసే మొక్కలు. మన అక్షాంశం మీద జూన్ చివరి పగటికీ డిసెంబరు చివరి పగటికీ తేడా గంటన్నర మాత్రమే. మనుషులం మనం గమనించం. ఆ మొక్కలు మాత్రం ఆశ్వయుజంలో రాత్రి ఒక హద్దు దాటగానే మొగ్గ తొడుగుతాయి. వాన పడుతున్నా, ఎండ కాస్తున్నా వాటికి పట్టదు.

ఇది తెలిసిన రోజు నేను మళ్ళీ నన్నయ పద్యం తెరిచి చూశాను. శరత్తును చెప్పదలచినప్పుడు ఆయన పగళ్ళ జోలికి పోకుండా రాత్రులనే ఎందుకు ఎంచుకున్నాడో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, వెన్నెల కోసమే కావచ్చు. కాని కలువలు, హంసలు, రెల్లుపూలు మనవి కాకపోయినా, ఆయన శరత్తులో ఒక్కటి మాత్రం మన పెరటికి కూడా సరిపోతుంది: రాత్రి. ఇంతసేపూ సంప్రదాయంతో తగవు పెట్టుకున్నవాణ్ణి ఇక్కడ కాస్త తగ్గక తప్పదు. కవిసమయాల్లో ఇంకొకటి కూడా నిజమని తేలింది. సంస్కృత కవులు శరత్తులో ఖంజనాన్ని, అంటే కాటుకపిట్టను తెస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాన ఉన్న దేశాల నుంచి ఆ జాతి పిట్టలు కొన్ని నిజంగానే దక్షిణాదికి వస్తాయి. తోక కిందికీ మీదికీ ఊపుతూ మన బోరుబావి కాలువ పక్కన తిరిగేది అదే. ఎవరూ దాన్ని పద్యంలో పెట్టరు, హంసలనే పెడతారు. మన వాకిట్లో గుంపులుగా ఎగిరే తూనీగల సంగతి ఇంకా గొప్పది. వాటిలో ఒక జాతి అక్టోబరు నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతుందని ఛార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రకటించాడు. మేఘసందేశం లాంటి కావ్యానికి వస్తువు. పిల్లలు దాని తోకకు దారం కడుతున్నారు.

అయితే ఈ గుర్తులు కూడా ఎంతకాలమో చెప్పలేం. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 అనే రకాలు తీశారు. వాటికి రాత్రి పొడవుతో పని లేదు, ఏ నెలలో వేసినా కాస్తాయి. చామంతి తోటల్లో రాత్రిళ్ళు వరసగా బల్బులు వెలిగిస్తున్నారు. వెలుగుంటే మొక్క రాత్రి కాలేదనుకుని పూయడం వాయిదా వేస్తుంది. ధర ఉన్నప్పుడు దీపం ఆర్పితే పూలు. చిక్కబళ్ళాపుర పక్క పొలాల్లో చీకటిపడ్డాక ఆ దీపాలు చూస్తే తిరునాళ్ళలా ఉంటుంది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద మన చెరువులకు పంపుతున్నారు కాబట్టి, చెరువులో నీళ్ళు కనబడితే హస్త కురిసిందని అనుకోవడానికీ లేదు. రైతు బతకాలి, నేను తప్పు పట్టను. నా బాధల్లా ఒకటే. ఆ గుర్తులు ఉన్నన్నాళ్ళూ మనం రాయలేదు. పోతున్నప్పుడు రాయడానికి మాటలు వెతుక్కుంటున్నాం.

మాటల సంగతి కూడా చెప్పాలి. మంచు పడ్డ అనపకాయకు ఒక వాసన ఉంటుంది, చేతికి జిడ్డుగా అంటుకుని పితికిపప్పు తిన్నాక కూడా పోనిది. కన్నడంలో దాన్ని సొగడు అంటారు. మన ఇళ్ళలోనూ సొగడే అంటారు. ఇది తెలుగు కాదని కొట్టేసేవాళ్ళను నేనెరుగుదును, వాళ్ళలో నేనొకణ్ణి. మరి తెలుగు మాట ఏదంటే, 'అనపకాయ వాసన' అని మూడు ఆమడల మాట చెబుతాం. కైవారం తాతయ్య ఇక్కడే కూర్చుని తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పాడు. ఆయన తెలుగు కీర్తనలను మనవాళ్ళు కన్నడ లిపిలో చదివి పాడుకుంటారు. ఆయన తెలుగును ఎవరూ రాజమహేంద్రవరం తూనికరాళ్ళతో తూచలేదు. ఇక ఆ పిల్ల రాసిన 'ఉరుస్తుంది' నిక్షేపమైన తెలుగు. ఉరియు అన్న ధాతువు మన పాత నిఘంటువుల్లో ఉంది. నేను దాన్ని కొట్టేసి పెట్టిన 'కారుతుంది' కుండకూ ముక్కుకూ కూడా సరిపోయే మాట. మట్టిమిద్దె ఉరవడం వేరు. పైకప్పు మొత్తం తడిసి, ఎక్కడ పడుతుందో తెలియకుండా, రాత్రంతా ఒక్కొక్క చుక్కే దిగుతుంది. గిన్నెలు జరుపుతూ కూర్చున్నవాళ్ళకే ఆ తేడా తెలుస్తుంది.

చిత్రావతి, పాపఘ్ని, పెన్న నంది కొండల పరిసరాల్లో పుట్టి ఆంధ్రకు పోతాయి. మన నీళ్ళు అటు పోతుంటే వాళ్ళ ఋతువులు ఇటు వస్తున్నాయని పూర్వం ఒక సభలో వేళాకోళంగా అన్నాను. కొందరు నొచ్చుకున్నారు. ఆంధ్రను నిందించడానికి అనలేదు. అక్కడి పత్రికల అట్లతద్ది ప్రత్యేక సంచికలు చదివి మనమూ అట్లతద్ది మీద కవితలు రాస్తాం. అవి పంపినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఆ రోజు ఆ నోము ఉండదు. మన కేదారేశ్వర నోము దారం మీద గాని, మహాలయ అమావాస్య నాడు ఇల్లు అలికే హడావుడి మీద గాని, నోట్లో కరిగే కజ్జాయం మీద గాని ఒక్క మంచి కవిత నేను ఇంతవరకు చూడలేదు.

ఈ నెల నా బల్ల మీద మూడు శరత్తులున్నాయి. రెండింటిలో హంసలున్నాయి, రెండూ నడకలో సాఫీగా ఉన్నాయి. మూడోదాంట్లో ఒక ముసలావిడ చిత్తకార్తె వానలో తడుస్తూ, తులసికోట మీద కప్పిన గోనెపట్టా ఎగిరిపోకుండా రాయి పెడుతుంది. రెండు పాదాలు కుంటుతున్నాయి, ఒకచోట క్రియ తప్పింది. సొగడు అన్న మాట కూడా ఉంది. మూడోదాన్ని వేసుకోమని సంపాదకుల వారికి రాశాను. క్రియ సరిచేయండి, సొగడు జోలికి మాత్రం పోకండి అని కింద గీత గీశాను.